వెచ్చగా తెచ్చిన డబ్బా

మొన్న మా మనవరాలు మలపరీక్షకని ల్యాబువాళ్లిచ్చిన ప్లాస్టిక్ డబ్బా మీద నా పేరు, వయసు రాసి, ఆటోలో అందరి మధ్యా ఒళ్లో పెట్టుకుని తీసుకుపోయింది. అది చూస్తే, నా ఉద్యోగం తొలినాళ్ల నాటి ఒక రేకు డబ్బా గుర్తొచ్చింది.

మా తాతగారి కాలంలో మా గుమ్మం ముందు గుర్రం దిగి నడవనివారు లేరు. నా కాలానికి గుమ్మమొక్కటే మిగిలింది. అనంతపురంలో ఒక ఆసుపత్రి ప్రయోగశాలలో చేరి, రోగుల మలం నుంచి, రక్తవిరేచనాలు తెప్పించే అమీబాలను పెంచే పని నేర్చుకున్నాను. గాజు గొట్టంలో కోడిగుడ్డు సొన గడ్డకట్టించి, పైన ఉప్పునీళ్లు పోసి, చిటికెడు బియ్యప్పిండి వేసి, ఒంటివేడి ఉండే పెట్టెలో ఉంచితే, అవి ఆ పిండి తిని బలిసేవి. కరువు ఏడు అది. చిలమత్తూరు వైపు నుంచి వచ్చిన రోగి ఒకాయన తొంగిచూసి, "ఏమప్పా, మాకు సంగటికే గతి ల్యాకపోతే నీ పురుగులకు బియ్యమా?" అని నవ్వాడు.

ఆ ఏడే అమ్మకు రక్తవిరేచనాలు పట్టుకున్నాయి. డాక్టరు సూదులు మొదలుపెట్టాడు గానీ, అవి గుండెకు చెడ్డవి కనుక అమీబా ఉందని తేలితేనే కొనసాగిస్తానన్నాడు. చల్లారితే అవి చచ్చిపోతాయి, మలం వెచ్చగా ఉండగానే రేకు డబ్బాలో పంపమని అమ్మకు చెప్పాను. మా ఇంటి ఆడవాళ్లు పెరట్లోకి వెళ్లేటప్పుడు పనిమనిషి ముందు నడిచి మగవాళ్లను తప్పించడం ఆచారం. మర్నాడు పనిమనిషి గుడ్డలో చుట్టి, వెచ్చగానే, డబ్బా తెచ్చింది. గొట్టం మీద అమ్మ పేరు రాసి పెట్టాను. ఏమీ పెరగలేదు. మళ్లీ తెప్పించినా అంతే. సూదులు ఆపేశారు.

అమీబా కాలేయానికి పాకి, చీముపట్టి అమ్మ పోయింది. దినాలయ్యాక పనిమనిషి స్తంభం చాటున నిలబడి, "అది అమ్మది గాదు సామీ, నాది. 'నా కొడుకు కంట అది పడగూడదు' అని అమ్మ నాతో ఒట్టు పెట్టించుకునింది" అని ఏడ్చింది. ఆమెను నేను తప్పుపట్టలేదు. అమ్మనూ తప్పుపట్టను, మా ఇంట్లో ఆడవాళ్లు అలాగే బతికారు.

ఈ తరానికి సిగ్గు లేదని మా వయసువాళ్లం కూర్చున్నచోటల్లా అనుకుంటాం. నిన్న నా ఫలితం ఫోనులో చూసి, వీధిలోంచే మనవరాలు కేక వేసింది: "తాతా, నీకేం లేదంట!"

ఆనాడు ఏమీ పెరగని అమ్మ గొట్టం చూసి వచ్చిన రోజు, నేనూ సంతోషం పట్టలేక, నీకేం లేదమ్మా అని గుమ్మంలోంచే చెప్పాను. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.