దండెం లేని సినిమా

పాశమైలారంలో మందుల ముడిసరుకు తయారుచేసే కంపెనీలో నా ఉద్యోగం. డ్యూటీ దిగి ఇంటికొస్తే నాకంటే ముందు నా వాసన లోపలికి వెళ్తుంది. అందుకే మా ఆవిడ ఒక చట్టం చేసింది. వాకిట్లో దండెం మీద బట్టలు వదలాలి, స్నానం చేయాలి, ఆ తర్వాతే పాపను ఎత్తుకోవాలి. మా గల్లీలో ఇంటింటి ముందూ అలాంటి దండెమే.

నాకు ప్రాణమైన నవల ఒకటుంది. అందులో నాయికది మాలాంటి కంపెనీలోనే పని. పెళ్లైన నాటి నుంచీ దాన్ని మా ఆవిడ చేత చదివించాలని నా తపస్సు. ఆమెది ఒకటే వరం: "గంత లావు బుక్కా? సినిమా తీస్తే చూస్తతియ్."

తీశారు. పాపను చంకనేసుకుని పటాన్‌చెరులో థియేటర్‌కు వెళ్లాం. సినిమా చూశాకైనా పుస్తకం పట్టుకుంటుందని నా ఆశ.

నవలను తెరకెక్కించామని పోస్టర్ మీద రాసుకున్నారు. నాకైతే నవల మీద తెర కప్పినట్టే ఉంది. పుస్తకంలో మాటలకు తడుముకునే సూపర్‌వైజర్ ఇక్కడ బైకు మీద గాల్లోకి లేస్తాడు. నాయిక జుట్టు విరబోసుకుని రసాయనాల డ్రమ్ముల మధ్య తిరుగుతుంది. ఆ జుట్టు ఒకటే ఎగురుతుంది. షెడ్డులో అంత గాలే ఉంటే మేం ఎప్పుడో బాగుపడేవాళ్లం!

నా గొణుగుడుకు మా ఆవిడ మోచేత్తో పొడిచింది. "సప్పుడు చెయ్యకు. మంచిగనే ఉంది."

సినిమానే మంచిగుంటే ఇక పుస్తకమెందుకు?

అంతలో నాయిక డ్యూటీ దిగి, యూనిఫాంతోనే ఇంట్లోకి పరుగెత్తుకొచ్చి, బిడ్డను గుండెకు హత్తుకుంది. వయొలిన్లు మొదలయ్యాయి.

"ఓ తల్లీ! బట్టలు ఇడువకుండ బిడ్డను ముడ్తవా!" వయొలిన్లను మించి వినబడింది మా ఆవిడ గొంతు.

ముందు వరుసలో ఒకామె వెనక్కి తిరిగింది. "హీరోయిన్లకు వాసన రాదక్కా!"

హాలంతా ఒకటే నవ్వు. దర్శకుడి ఇంటి ముందు లేని దండెం మా అందరి ఇళ్ల ముందూ ఉంది మరి.

బయటికొచ్చాక మా ఆవిడ అడిగింది. "బుక్కుల గూడ గిట్లనే ముడ్తదా?"

"లేదే. పిల్ల లోపల ఏడుస్తనే ఉంటది. ఈమె నీళ్లు పోసుకునేదాంక దగ్గరికి పోదు. గదే ఒక అధ్యాయం."



మర్నాడు డ్యూటీ నుంచి వచ్చేసరికి మా ఆవిడ గడప మీద కూర్చుని నవల చదువుతోంది. ఇన్నేళ్లుగా దాచుకున్న నా సాహిత్య విమర్శంతా ఒక్క ఊపులో చెప్పేద్దామని, ఎక్కడిదాకా వచ్చిందో చూడబోయి చెయ్యి చాపాను.

ఆమె పుస్తకాన్ని గుండెకు హత్తుకుని వెనక్కి జరిగింది.

"ఏ, ఆగు! ముందుగాల బట్టలు ఇడువుపో. గా చేతులతోని దీన్ని ముట్టకు."