గోరువెచ్చని మేత

ఆ వీధిలో ఇస్త్రీ చేసే ఆమెకి పేరు లేక కాదు, వాడేవాళ్ళు లేక అది మూలపడింది. తనకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా ఆమెని ఇస్త్రీ అక్క అనే పిలుస్తారు. వీధి వైపు గదిలో బల్ల, దాని మీద నాలుగు మడతల పాత కంబళి, ఆ పక్కన చొక్కాల దొంతరలు; వెనక గదిలో మంచం, స్టవ్వు, కుళాయి. ఇంతే ఇల్లు. ఇందులోనే ముప్ఫై రెండేళ్ళుగా ఇస్త్రీ పెట్టె తోస్తోంది. కాలర్ కింద వేళ్ళు పెట్టి, పెట్టె మీదికొస్తున్నా తీయకుండా ఆఖరి క్షణంలో జరుపుతుంది. చూసేవాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది. కాలదా అక్కా అని అడిగితే, కాలడానికి అక్కడ చర్మముంటే కదా, ఉన్నదంతా తోలే అని నవ్వుతుంది. పొయ్యి మీంచి గిన్నె దించడానికి ఆమెకి మసిగుడ్డ అక్కర్లేదు. ఆ సంగతి పదిమందికీ తెలియాలని కాబోలు, ఎవరైనా వచ్చి కూర్చున్నప్పుడే టీ గిన్నె దించుతుంది.

పెళ్ళైన రెండేళ్ళకే భర్త పోయాడు. కడుపున పిల్లలు లేరు. అలాగని పిల్లని పెంచలేదని మాత్రం అనకూడదు. చెల్లెలికి కాన్పు కష్టమై, ఆపరేషన్ మీద ఆపరేషన్ చేసి మంచాన పడేస్తే, ఇరవై రోజుల పసిగుడ్డుని తెచ్చి ఈమె చేతుల్లో పెట్టారు. కోలుకున్నాక చెల్లెలు ఒక ఆస్పత్రిలో చీటీలు రాసే పనిలో చేరింది. ఆమె భర్త లారీ మీద నెలకి పాతిక రోజులు ఊళ్ళు తిరిగేవాడు. దాంతో పిల్ల మూడున్నరేళ్ళ దాకా ఇక్కడే ఉండిపోయింది. ఇస్త్రీ బల్ల కింద, బట్టల మూటల మధ్య పాకింది. మూటలు పట్టుకునే నడక నేర్చింది. ఈమెని అమ్మా అనేది. వారానికోసారి వచ్చే కన్నతల్లిని ఆదివారం అమ్మ అనేది. ఆ మాటకి అందరూ నవ్వేవాళ్ళు. చెల్లెలు కూడా నవ్వేది గానీ, ఆ నవ్వు పెదవులు దాటి పైకి వచ్చేది కాదు.

అలాంటి ఒక ఆదివారమే చెల్లెలు పిల్లని ఎత్తుకుని వెళ్ళిపోయింది. పాలు కాలి పిల్ల నోరు బొబ్బలెక్కిందని ఆమె గొడవ. చుక్క చేతి మీద వేసుకుని మరీ చూశానని, గోరువెచ్చగానే ఉన్నాయని, పిల్లని లాక్కుపోవడానికి కట్టుకథ అల్లుతోందని అక్క జవాబు. అక్క పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఏడున్నరేళ్ళు గడిచినా ఆ కుందేటికి నాలుగో కాలు మొలవలేదు.

పిల్లకిప్పుడు పదకొండేళ్ళు. పెద్దమ్మా అంటుంది, బళ్ళో నేర్చిన పాఠం తప్పుపోకుండా అప్పజెప్పినట్టు. నెలకోసారి వచ్చి, బల్ల అంచున కూర్చుని, కాళ్ళు ఊపి, పావుగంట కాగానే వెళ్ళొస్తానంటుంది. ఆ పావుగంట కోసం అక్క మిగతా నెలంతా ఎదురుచూసేది. వీధి మలుపులో పిల్ల వేసుకునే రంగు స్కూలు బట్టలు కనిపిస్తే చేతిలో పెట్టె ఆగిపోయేది. ఆ పిల్ల తనకి కావాలి. పెద్దమ్మగా కాదు, మునుపటిలా కావాలి. ఎవరితోనూ అనలేదు గానీ, ఆమె బతుకులో ఇంతకు మించిన కోరిక ఏదీ లేదు.

పిట్టల దుకాణం ఆయన చొక్కాలు ఈమె దగ్గరికే వస్తాయి. ఒక రోజు చొక్కాలతో పాటు ఒక అట్టపెట్టె కూడా తెచ్చాడు. లోపల గుడ్డపేలికల మధ్య పదిహేను రోజుల పిట్టపిల్ల, జనం లవ్‌బర్డ్స్ అంటారే, ఆ రంగుల చిట్టిచిలకల జాతి. దాని అందం సంగతి అడక్కండి. ఒంటి నిండా ముళ్ళలా పొడుచుకొస్తున్న ఈకల మొలకలు, ఒంటికి మించిన తల, పెద్ద పొట్ట. తల్లే ఈకలు పీకేస్తోందని వేరు చేశాడట. మూడు వారాలు చెంచాతో తినిపిస్తే బతుకుతుందని, బతికితే మనిషిని వదలదని చెప్పాడు. అక్క వద్దనబోయింది. ఇంతలో ఆ దుకాణం అద్దానికి ముక్కు ఆనించి నిలబడే పిల్ల గుర్తొచ్చింది. చెల్లెలు అద్దెకుంటున్న ఇంటివాళ్ళు పిట్టలనీ జంతువులనీ గుమ్మం తొక్కనివ్వరు. వద్దనబోయిన నోటితోనే సరే అంది. ఎర వేస్తున్నానని ఆమె ఒప్పుకోదు. మనం ఒప్పుకుంటే సరిపోతుంది.

దుకాణం ఆయన అన్నీ చెప్పాడు. పెట్టె మీద చిన్న బల్బు వెలుగుతూ ఉండాలి. మేత పొడిని వేడినీళ్ళలో జావలా కలపాలి. అంచులు లోపలికి వంచిన చెంచాతో కొద్దికొద్దిగా పెట్టాలి. మెడ కింద మేత దిగే సంచి ఉబ్బితే ఆపాలి, అది ఖాళీ అయ్యాకే మళ్ళీ పెట్టాలి. చల్లారిపోతే అరగదు, కాలితే ప్రాణానికే ముప్పు. పసిపిల్లల పాలకి చూసినట్టే చేతి మీద చుక్క వేసి చూసుకోమన్నాడు. ఈ మాట నాకు ఒకరు చెప్పాలా అన్నట్టు చూసింది అక్క.

ఎర పారింది. మర్నాడు స్కూలు వదలగానే పిల్ల వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. పావుగంట కాస్తా గంటైంది, గంట రెండైంది. నల్లగా మెరిసే కళ్ళు చూసి పిట్టకి గుండీ అని పేరు పెట్టింది. లెక్కల పుస్తకం ఇస్త్రీ బల్ల మీదే తెరిచేది, గుండీ కిచకిచమంటే మూసేసేది. సంచి నిండిందా, ఖాళీ అయిందా అని ఒకటికి పదిసార్లు వంగి చూసేది. తినిపించేటప్పుడు అక్క భుజానికి ఆనుకుని నిలబడేది. ఆ భుజం మీద బరువుకి అక్క కళ్ళు మూసుకుపోయేవి. ఇన్నేళ్ళుగా ఖాళీగా ఉన్న చోటు అదే. మేత కలపడం మాత్రం పిల్లకి ఇచ్చేది కాదు. వేడినీళ్ళ దగ్గరికి రాకు, కాలుతుందని దూరంగా తోసేది.

ఆరో రోజు గుండీ చెంచా చూసి మెడ వెనక్కి లాక్కుంది. గారాలు పోతోందని అక్క తల పట్టుకుని రెండు చెంచాలు తినిపించింది. ఏడో రోజు సాయంత్రం దాన్ని వెలుతురులోకి తీసుకున్న పిల్ల ఉలిక్కిపడింది. మెడ కింద సంచి మీద చర్మం ఎర్రగా కమిలి, నడుమ తెల్లటి మచ్చ కట్టి ఉంది.

ఇస్త్రీ పెట్టె తీగ పీకేసి, ఎవరి చొక్కాలు ఎక్కడివక్కడే వదిలేసి, ఇద్దరూ పశువుల ఆస్పత్రికి పరుగెత్తారు. మేత వేళ దాటుతుందేమోనని ఫ్లాస్కులో వేడినీళ్ళు, పొడి డబ్బా, చెంచా సంచిలో వేసుకుంది అక్క. అక్కడున్న డాక్టరు చిన్న వయసు అమ్మాయి. పిట్టని వెల్లకిలా తిప్పి చూసి, వేడి మేత లోపల కాల్చిందని, అదీ ఒక్కసారి కాదని చెప్పింది. అక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. ప్రతిసారీ చేతి మీద చుక్క వేసుకుని చూస్తానని, గోరువెచ్చన తప్ప పెట్టి ఎరగనని గట్టిగా చెప్పింది. డాక్టరు వాదించలేదు. ఇంట్లో కలిపినట్టే ఇక్కడ కలిపి చూపించమంది.

అక్క కలిపింది. మణికట్టు మీద చుక్క వేసుకుంది.

"ఇదిగో చూసుకోండి. గోరువెచ్చగా లేదూ?"

డాక్టరు వేలు ముంచి, చటుక్కున తీసేసింది. పిల్ల కూడా వేలు పెట్టి, చురుక్కుమనేసరికి నోట్లో పెట్టుకుంది. థర్మామీటర్ ముంచితే నలభై తొమ్మిది డిగ్రీలు చూపించింది. ఉండాల్సింది ముప్ఫై తొమ్మిది. డాక్టరు అక్క చేయి పట్టుకుని తిప్పి చూసింది. ఏం పని చేస్తారమ్మా అని మెల్లగా అడిగింది. ఇస్త్రీ అని పిల్లే చెప్పింది.

గాయం పైపైనే ఉంటే మానుతుందని, లోతుగా ఉంటే సంచికి చిల్లు పడుతుందని, వారం దాకా ఏమీ చెప్పలేనని డాక్టరు అంది. మందు రాసిచ్చి, పల్చగా, తక్కువ తక్కువగా పెట్టమంది. దారిలో ఒక థర్మామీటర్ కొన్నారు. అక్క పిట్ట ఉన్న అట్టపెట్టెని గుండెకి హత్తుకుని నడుస్తోంది. కళ్ళ ముందు పిట్ట లేదు. మూడున్నరేళ్ళ పిల్ల ఉంది. స్టీలు గ్లాసు ఉంది. పాలు ఒక్క గుక్కలో తాగేస్తే బయటికి తీసుకెళ్తానని ఆశపెట్టింది తనే. పిల్ల గటగటా తాగి, గ్లాసు విసిరేసి, గుక్కపట్టి ఏడ్చింది. చెల్లెలు పరుగెత్తుకొచ్చి గ్లాసు ముట్టుకుని, కాలిపోతోందక్కా అంది. తను అదే గ్లాసు గుప్పిట్లో పట్టుకుని, ఏదీ, ఎక్కడ కాలుతోందని అడిగింది. నిజంగానే ఆ గుప్పిటికి కాలలేదు.

ఆమె మొహం చూసి పిల్ల ఏమనుకుందో, ఇంటి మలుపులో చెయ్యి పట్టుకుంది.

"గుండీ కాలిందని అమ్మకి చెప్పనులే పెద్దమ్మా. చెప్తే నన్ను రానివ్వదేమో."

ఆ మాట అక్కకి ఎంత తియ్యగా తోచిందో ఆమెకే తెలుసు. తనకేం కావాలో పిల్లకి తెలుసన్నమాట. నోరు మూసుకుని ఊరుకుంటే చాలు, రేపూ వస్తుంది, ఎల్లుండీ వస్తుంది. చెప్తే, పాత పుండు రేగి, ఆ పావుగంట కూడా పోతుంది. ఆ రాత్రి ఆమెకి కంటి మీద కునుకు లేదు.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే వచ్చిన పిల్లని గుండీకి కాపలా పెట్టి, అక్క చెల్లెలింటికి వెళ్ళింది. ఆ గడప తొక్కి ఏడున్నరేళ్ళయింది. చెల్లెలు ఉతికిన బట్టలు మడత పెడుతోంది. అక్కని చూసి, పిల్లకేమైనా అయిందేమోనని సగం లేచింది. పిల్ల బానే ఉందని చెప్పి, అక్క నిలబడే ఉండిపోయింది.

"ఆ రోజు పాలు కాలుతూనే ఉన్నాయే చెల్లీ. నా చేతులకి తెలియలేదు. ఈ చేతులకి ఏదీ తెలియదు. నువ్వు అబద్ధం చెప్తున్నావన్నాను."

పిట్ట సంగతి కూడా పూసగుచ్చినట్టు చెప్పేసింది. చెల్లెలు మడత పెడుతున్న గౌను ఒళ్ళో పెట్టుకుని దాని ముడతలు సాపు చేసింది. తిట్టినా బాగుండుననిపించింది అక్కకి.

"పాలు కాలినందుకు కాదక్కా దాన్ని తీసుకెళ్ళింది," అంది చెల్లెలు చివరికి. "నా దగ్గరికొచ్చిన నెలకే మంచం మీంచి పడి నుదురు చీరుకుంది. పిల్లలన్నాక తగులుతూనే ఉంటాయి. ఆ రోజు నువ్వు అయ్యో, చూసుకోలేదే అని ఒక్క మాట అనుంటే నీ దగ్గరే వదిలేసేదాన్ని. నాకు మాత్రం ఇంకెవరున్నారు? అది నోరు కాలి ఏడుస్తుంటే, కాల్లేదన్నావు. ఇంకెప్పుడు ఏడ్చినా ఇలాగే నమ్మవేమోనని భయమేసింది."

అక్క తలూపింది. చెల్లెలు కూర్చోమంది, మంచినీళ్ళిచ్చింది. పిల్ల రాకపోకలకి తను ఎప్పుడూ అడ్డు చెప్పలేదని, ఇకముందూ చెప్పనని అంది. మేత వేళవుతోందని అక్క బయల్దేరింది. నీ దగ్గరే వదిలేసేదాన్నన్న మాట తప్ప దారిలో ఆమెకి ఇంకేమీ వినపడలేదు. కోల్పోయిన ఏడున్నరేళ్ళనీ చెల్లెలు లాక్కుందనుకుని బతికింది ఇన్నాళ్ళూ. లాక్కున్నది చెల్లెలు కాదు.

ఇంట్లో గుండీ ఆకలికి గోల చేస్తోంది. మచ్చ ఆరినట్టుందని పిల్ల అంది. ఆరిందో లేదో అక్క చూపుకి ఆనలేదు. జావ కలిపింది. పిల్ల థర్మామీటర్ పట్టుకుని అంకెలు పైకి చదువుతూ, ముప్ఫై తొమ్మిది రాగానే ఆపింది. అక్క చెంచా పిట్ట నోటికి అందించింది. గుండీ మెడ సాచి, తల ఊపుతూ తినసాగింది. అక్క కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. పిట్ట నోట్లో ఉన్న చెంచా కదిలితే ప్రమాదమని చేతిని మాత్రం బిగబట్టి ఉంచింది.

"అమ్మ తిట్టిందా పెద్దమ్మా?" అంది పిల్ల.

"లేదే. నువ్వు నా దగ్గరే పెరిగేదానివట."

పిల్లకి ఆ మాట అర్థం కాలేదు. గిన్నెలో థర్మామీటర్ వైపు చూసింది.

"ముప్ఫై ఎనిమిదికి దిగింది పెద్దమ్మా. చల్లారిపోతోంది, తొందరగా పెట్టు."

అక్క ముక్కు ఎగబీల్చి, మరో చెంచా తీసుకుంది.