పెనుకొండ బండోళ్ళ సినిమా

మా నాయనకు పాత సినిమాలంటే ప్రాణం. కానీ ఆయన ఏ పాత సినిమానూ చివరిదాకా చూడలేదు. ఈ రెండో సంగతి మా అమ్మకు చాలా ఏళ్ళు తెలియదు. నాకు పదేళ్ళప్పుడే తెలుసు. నిజం కడుపులో దాచుకోలేని మనిషిని నేను. అలాంటిదాన్ని అంతకాలం నోరు మూసుకున్నానంటే నాకే ఆశ్చర్యం.

తొంభైల్లో మాది పెనుకొండకు మూడు మైళ్ళ దూరంలో చిన్న పల్లె. ఎకరన్నర మల్బరీ తోట, పట్టుపురుగులకు ఒక రేకుల షెడ్డు, రెండు పాడి ఎనుములు. ఏడాదికి ఐదారు పంటల పట్టుగూళ్ళు దిగేవి. గూళ్ళు విడిపించిన మర్నాడు నాయన వాటిని సంచుల్లో నింపుకొని పొద్దున రైలుబండికి హిందూపురం మార్కెట్టుకు పోయేవాడు. వేలం మధ్యాహ్నం రెండు దాటాక అయిపోయేది. తిరుగు ప్యాసింజర్ సాయంత్రం ఐదింటికి. మధ్యలో ఆ రెండున్నర గంటలూ దేవుడు మ్యాట్నీ కోసమే ఇచ్చాడని నాయన గట్టి నమ్మకం.

స్టేషనుకు దగ్గర్లో ఒక పాత టాకీసు ఉండేది. కొత్త సినిమాలు దాని మొహం చూసేవి కావు. గీతలు పడిన నలుపు తెలుపు సినిమాలు తెచ్చి రెండు మూడు రోజులు ఆడించేవాళ్ళు. చిక్కల్లా ఒక్కటే. ఆ సినిమాలు మూడు గంటలకు తక్కువ ఉండేవి కావు, రైలేమో ఎవరి కోసమూ ఆగదు. అది తప్పితే ఆ పొద్దుకు మా వైపు ఇంకేమీ లేదు.

ఒక వేసవి సెలవుల్లో నాయన నన్నూ తీసుకెళ్ళాడు. తెర మీద కథానాయకుణ్ణి స్తంభానికి కట్టేశారు. దుర్మార్గుడు కత్తి తీశాడు. నేను నాయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. సరిగ్గా అప్పుడు పక్క తలుపు కొంచెం తెరుచుకొని వెలుతురు పడింది. గేటు కాడ ఉండే ముసలాయన తల లోపలికి పెట్టి కేక వేశాడు.

"పెనుకొండ బండోళ్ళు లేయండప్పా! టైమైంది!"

చీకట్లోంచి పదిహేను మంది గూళ్ళ రైతులు ఖాళీ సంచులు చంకన పెట్టుకొని లేచారు. ఎవరూ విసుక్కోలేదు. తెర వైపే చూస్తూ వెనక్కి వెనక్కి నడిచి తలుపు దాకా వచ్చారు. కట్టేసినవాణ్ణి అక్కడే వదిలేసి మేమంతా స్టేషనుకు పరుగు తీశాం. నాకు ఏడుపు ఒక్కటే తక్కువ.

అసలు సినిమా రైల్లో మొదలైంది. ఎదురెదురు బల్లల మీద కూర్చొని, వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ, ఆ మిగిలిన ఇరవై నిమిషాలూ వాళ్ళే తీశారు. "వాని తమ్ముడొస్తాడప్పా" అని ఒకరు, "తమ్ముడు యాడొస్తాడు, వాడు జైల్లో ఉండాడు కదా" అని ఇంకొకరు. దుర్మార్గుణ్ణి చంపాలని ఒకాయన, పోలీసులకు అప్పజెప్పాలని ఒకాయన. మా నాయన అందరి మాటా విని, పెనుకొండ రాకముందే ఒక ముగింపు ఖాయం చేసేవాడు. అది విన్నాక ఎవరూ మారు మాట్లాడేవాళ్ళు కాదు. ఆ రోజు కథానాయకుడి కట్లు విప్పింది దుర్మార్గుడి తల్లి.

స్టేషను దిగి నడుస్తుంటే నాయన నాతో అన్నాడు. "ఆకరి సూడలేదని మీయమ్మకు సెప్పాకు."

"ఏం, సెప్తే ఏమైతాది?"

"ఇనేది మానేస్తాది."

మర్నాడు షెడ్డులో పురుగుల తట్టలు కడిగే పని ఉండేది. ఒక పంటకూ ఇంకో పంటకూ మధ్య అవన్నీ రుద్ది రుద్ది కడిగి ఎండబెట్టకపోతే పురుగులకు రోగమొస్తుంది. అమ్మ కడిగేది, నాయన నీళ్ళు పోస్తూ సినిమా చెప్పేవాడు. పాటలు పాడేవాడు. ఆడవాళ్ళ మాటలు ఆడగొంతుతో చెప్పేవాడు. ఇద్దరూ పోతే ఎనుములకు ఎవరు నీళ్ళు చూపేదని అమ్మ టాకీసు మొహం చూసి ఏళ్ళయింది. అయినా మా ఊళ్ళో అన్ని సినిమాల కథలు తెలిసిన మనిషి ఆమే. పొరపాటున కూడా నాయన సినిమాల్లో ఎవరూ చచ్చిపోయేవాళ్ళు కాదు. గుడ్డివాళ్ళకు చూపు వచ్చేది. తప్పిపోయినవాళ్ళు దొరికేవాళ్ళు. చివరికి అందరూ వరసగా కూర్చొని అన్నం తినేవాళ్ళు. ఎంతైనా పొద్దున్నుంచి ఏమీ తినకుండా సినిమా చూసిన మనిషి కదా.

అమ్మకు ఒక చెల్లెలుంది, మా చిన్నమ్మ. వాళ్ళమ్మ తొందరగా చనిపోతే, అమ్మే ఆమెను ఎత్తుకొని పెంచింది. ఆ చిన్నమ్మ నల్లమాడ బళ్ళో పాఠాలు చెప్పే ఒక అయ్యవారిని, క్రైస్తవుల అబ్బాయిని, చెప్పాపెట్టకుండా పెండ్లి చేసుకుంది. వాళ్ళ దేవుడు వేరే అని మా అమ్మ కోపం కాదు. "నాకొక్క మాట సెప్పలేదు, నాకు!" అని రొమ్ము మీద కొట్టుకునేది. దాని గడప తొక్కనని ఒట్టు పెట్టుకుంది. ఏడేండ్లు తొక్కలేదు. చిన్నమ్మకు ఇద్దరు పిల్లలు పుట్టినా అమ్మ పోయి చూడలేదు. పండగలప్పుడు మాత్రం ఎందుకో పొయ్యి ముందు ఎక్కువసేపు కూర్చునేది. పొగకు కండ్లు మండుతాండాయనేది.

నేను పదో తరగతిలో ఉండగా నాయన ఒక సినిమా తెచ్చాడు. తల్లిలేని చెల్లెల్ని అన్న పెంచుతాడు. ఆమె అన్నకు ఇష్టం లేని పెండ్లి చేసుకుంటుంది. అన్న తలుపేసుకుంటాడు. ఏండ్లు గడిచాక, వానలో, గొడుగు కూడా లేకుండా చెల్లెలి ఊరికి నడక మొదలుపెడతాడు. అంతవరకే నాయన చూసింది.

ఆసారి అమ్మ తట్టలు కడగడం ఆపేసి విన్నది. ఆమె చేతిలోని కొబ్బరిపీచు అలాగే ఉండిపోయింది.

"పోయినాడా? పోయినాక ఏమైంది?"

నాయన అమ్మ మొహం ఒకసారి చూశాడు. "చెల్లెలు వాకిట్లో బియ్యం చెరుగుతా ఉండాది. తలెత్తి సూసింది. ఏమీ తిట్టలే. కాళ్ళు కడుక్కోన్నా, అన్నం పెడతా అనింది."

అమ్మ ఆ పీచును నీళ్ళలో ముంచి పిండింది. తర్వాత, "మగోడు, అంత పంతం పట్టినోడు, వాడే దిగొచ్చినాడా" అంది.

నాలుగు రోజులకు అమ్మ నల్లమాడ బస్సెక్కింది. అక్కడ సినిమాలో మాదిరేమీ జరగలేదట. చిన్నమ్మ గుమ్మంలోనే నిలబెట్టి, ఏడేండ్లకు గుర్తొచ్చినానా అని ఊరంతా వినేట్టు కడిగేసిందట. అమ్మ కూడా తక్కువ తినలేదు. అరిచి అరిచి అలసిపోయాక ఇద్దరూ ఏడ్చారట. రెండు రోజులుండి, పిల్లల్ని వెంటబెట్టుకొని ఇంటికొచ్చింది. ఆ మనిషి మొహం అంత తేటగా ఉండటం నేను అంతకు ముందు చూడలేదు.

తర్వాత ధర్మవరంలో కాలేజీలో చేరాను. ఒక రోజు స్నేహితురాళ్ళతో సినిమాకు పోతే, అదే సినిమా. అక్కడ నన్ను లేపడానికి ఎవరూ రాలేదు. చివరిదాకా చూశాను. అన్న వానలో తడుస్తూ చేరేసరికి చెల్లెలి ఇంటి ముందు జనం నిలబడి ఉన్నారు. ఒక్కరోజు ముందు వచ్చి ఉంటే బతికేది అంటుంది ఒక ముసలామె. నా పక్కనున్నవాళ్ళు ముక్కులు చీదుకుంటున్నారు. నాకు ఏడుపు రాలేదు, అమ్మే గుర్తొచ్చింది. ఈ చావు గురించి తట్టలు కడిగే చోట నాయన చెప్పి ఉంటే? అమ్మ దాన్ని అపశకునమనుకొని ఇంకా గట్టిగా బిగుసుకుపోయేది. అంత మొండిది ఆమె, నాకు తెలుసు.

నేనూ ఆమె బిడ్డనే. ఒకసారి కాలేజీ టూరుకు లెక్చరర్లు కూడా వస్తారని చెప్తే నమ్మక అమ్మ పంపనంది, ఇద్దరికీ పెద్ద జగడమైంది. "మీ నాయన ఎప్పుడన్నా నాతో అబద్ధం సెప్పినాడా? నువ్వే నేర్చినావు" అంది అమ్మ. మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. నాయన ఎనుముకు గడ్డి వేస్తూ ఆగి నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో, భయం ఉంది. మా నాయన నాకు భయపడటం అదొక్కసారే చూశాను. సిగ్గేసింది. నోరు మూసుకొని లోపలికి పోయాను.

రెండువేల సంవత్సరం తర్వాత బోరు ఎండిపోయి మల్బరీ పోయింది. నాయన వేరుశెనగ వేసుకున్నాడు, హిందూపురం పోవడం తగ్గింది. ఆ టాకీసు కూడా మూతపడింది. నాకు ధర్మవరంలో ఉద్యోగం వచ్చాక ఇంటికి టీవీ కొన్నాను. పల్లెకు కేబులు వచ్చింది. నాయన కోసమని కొన్న టీవీ ముందు నాయన కుదురుగా కూర్చునేవాడు కాదు. పాత సినిమా చివరికొచ్చేసరికి ఏదో పని చెప్పి లేచిపోయేవాడు. అమ్మను కూడా ఏదో వంకతో లేపేవాడు. నేను ఇంట్లో ఉంటే ఆ పని నాదయ్యేది.

ఒక ఆదివారం పొద్దున చిన్నమ్మ వచ్చి ఉంది. అక్కాచెల్లెళ్ళు కాళ్ళు చాపుకొని టీవీ పెట్టారు. ఆ సినిమానే. నేను నాయన వైపు చూశాను, నాయన నా వైపు చూశాడు. అన్న వానలో బయలుదేరగానే నాయన బకెట్టు తీసుకొని "ఎనుముకు నీళ్ళు పెట్టొస్తా" అని లేచాడు. నేను రిమోటు అందుకున్నాను.

"వేరేది పెడతానమ్మా, ఇది సూసిందే కదా."

"ముట్టుకున్యావంటే సూడు. నేను యాడ సూసినా? ఇన్నా, అంతే."

జనం నిలబడ్డారు. ముసలామె ఆ మాట అంది. అన్న గుమ్మంలో కూలబడ్డాడు. సినిమా అయిపోయి సబ్బు ప్రకటన వచ్చింది. చిన్నమ్మ కొంగుతో మొహం తుడుచుకొని, గుమ్మంలో నిలబడిపోయిన నాయనను అడిగింది.

"ఏం బావా, నువ్వు సెప్పింది ఇట్ల లేదే. అన్నం పెట్టిందని కదా అక్క నాతో సెప్పింది."

నాయన బకెట్టు కింద పెట్టలేదు. "నేను ఆకరి సూడలే. బండికి టైమైపోయేది."

"ఈ సినిమాకా?" అంది అమ్మ.

"దేనికీ సూడలే."

"ఆ గుడ్డామెకు కండ్లొచ్చింది?"

"నేను పెట్టిందే."

"తప్పిపోయిన పిల్లోడు?"

నాయన తల దించుకున్నాడు. ఇంటి పైకప్పు ఎగిరిపోతుందని నేను గోడకు ఆనుకున్నాను. అమ్మ టీవీ వైపు చూసింది. పక్కనే కూర్చొని ఇంకా ముక్కు చీదుకుంటున్న చెల్లెలి వైపు చూసింది. చాలాసేపు ఆమెనే చూసింది.

"నువ్వు ఆకరిదాకా కూసోని సూసింటే, నేను దాని గడప తొక్కేదాన్నే కాదు" అంది నాయనతో.

ఆ తర్వాత మోకాళ్ళ మీద చేతులానించి లేచింది. "టీవీ ఆపేసి అందరూ లేయండి, అన్నం పెడతా."

నాయన బకెట్టు అక్కడే పెట్టి కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు.