నిమ్మతోట సాలీడుకు నా పేరు

ఈ ఉదయం రక్తపరీక్షకు కూర్చున్నాను. నర్సమ్మ నా మోచేతి మడతలో స్పిరిట్ దూది రుద్దుతూ, “పొద్దున్నుంచి ఏం తినలేదు, తాగలేదు గదా తాతా?” అంది. లేదమ్మా అనబోయాను. ఇంతలో ఆ చల్లటి ఘాటు ముక్కుకు తగిలి మాట ఆగిపోయింది. అందరికీ అది ఆసుపత్రి వాసన. నాకు మాత్రం సుగుణ మేడం వరండా వాసన.

మేడం గూడూరు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరై, కోట ఊళ్ళో మా పక్కింట్లో దిగింది. నేను డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం ముగించి ఇంటికొచ్చిన కొత్త. ఏళ్ళ తరబడి కాలవల పటాలు గీసిన చేయి ఊరుకోక, డైరీలో మా పెరటి పూలకుండీల పటం కొలతలతో సహా గీస్తుండేవాణ్ణి. ఆవిడ ప్రహరీ మీంచి తొంగిచూసి, “గీత వణకడంలా. ఎనిమిది కాళ్ళు గీస్తావా దేవదానం?” అంది. నా విశ్రాంత జీవితం ఆ మాటతో ముగిసింది.

వారానికోసారి గూడూరు వైపు నిమ్మతోటలకు పోయేవాళ్ళం. ఆవిడ తెల్లగొడుగును తలకిందులుగా పట్టుకుని కొమ్మను కర్రతో తట్టేది. గొడుగులో ఆకులూ చీమలూ రాలేవి, వాటి మధ్య బియ్యపుగింజంత గెంతుడు సాలీళ్ళూ పడేవి. ఒకసారి తోట రైతు పరుగెత్తుకొచ్చాడు. “ఏంది మేడం, కాయలు రాలగొడతుండారు?” “కాయలు కాదు నాయనా, సాలీళ్ళు.” ఆయన గొడుగులోకి చూసి చల్లబడ్డాడు. “అట్లయితే ఒక్కటి గూడా వదలొద్దు. అన్నీ మీయే.”

అంతకుముందు ఏడాది ఆవిడ ఆ తోటల్లోనే లోకానికి తెలియని పసుపుపచ్చ సాలీడును కనిపెట్టి, నిమ్మ పేరుతో అచ్చులో ప్రకటించింది. దొరికినవన్నీ ఆడవే. ఆ తర్వాత నల్లగా నిగనిగలాడుతూ నడుముకు తెల్లపట్టీ ఉన్న ఇంకో రకం దొరికింది. దొరికినవన్నీ మగవే. “ఇది కూడా కొత్తదే. దీనికి నీ పేరు పెడతా” అంది మేడం. నా పేరుకు లాటిన్ తోక తగిలించి పలికితే నాకే లేచి నిలబడాలనిపించింది. డైరీలో ఎర్రసిరాతో రాసుకుని కింద రెండు గీతలు కొట్టాను. ఆదివారం చర్చి ప్రకటనల్లో పాస్టరు అయ్యగారు ఆ సంగతి చెప్పి, సంఘమంతటి చేత స్తోత్రం చెప్పించారు. మా ఆవిడ కరుణ మాత్రం, “ఇంట్లో బూజు దులపమంటే దులపరు గానీ, దానికి పేరు గూడా ఇచ్చినారా!” అంది.

ఆ నల్లదాని గురించి మేడం రాసిన వ్యాసం మర్నాడు పత్రికకు పంపాలి. మేడం వరండాలో సాలీళ్ళను దాచే స్పిరిట్‌లో వేస్తే రంగులు పోతాయి కాబట్టి బతికున్న సాలీళ్ళను చూసే రంగులు వేయాలి. పసుపుది ఒక గాజుసీసాలో, నల్లది ఇంకోదాంట్లో పెట్టి, నా అలవాటు కొద్దీ రెండు సీసాలూ అంచుకు అంచు కలిపి సర్దాను. కుంచె తడిపేలోగా నల్లది ముందుకాళ్ళు రెండూ పైకెత్తి, అటు రెండడుగులు, ఇటు రెండడుగులు వేయసాగింది.

“మేడం, ఇదేందో డ్రిల్లు చేస్తుండాది.”

ఆవిడ వచ్చి వంగి చూసింది. పసుపుది కదలకుండా దాన్నే చూస్తోంది. మేడం రెండు సీసాలనూ మార్చి మార్చి చూసింది. తర్వాత కుర్చీలో కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

“డ్రిల్లు కాదు దేవదానం, పెళ్ళిచూపులు. రెండు రకాలు కావివి. మొగుడూ పెళ్ళాం! ఆ ఇంట్లో మొగుడు లేడు, ఈ ఇంట్లో పెళ్ళాం లేదు అని ఏడాదిగా ఏడస్తుండాను చూడు.”

“అయితే నా పేరు?”

“ముందు అచ్చయిన పేరే నిలబడాల. అది రూలు.”

నా గొంతు తగ్గింది. “సంఘమంతా స్తోత్రం చెప్పినారు మేడం. పంపించేయండి. ఇక్కడుండేది మనిద్దరం. ఎవరు చూసినారు?”

ఆవిడ సీసా వైపు వేలు చూపింది. “అది చూసింది గదా.”

నల్లది ఇంకా చేతులెత్తే ఉంది.

ఆ సాయంత్రమే మేడం రాసిన వ్యాసాన్ని చింపేసి, నిమ్మ సాలీడుకు మగది దొరికిందని చిన్న వ్యాసం మొదలుపెట్టింది. ఆదివారం చర్చి బయట అయ్యగారు పదిమందిలో అడిగారు, “మీ సాలీడు ఎంతవరకు వచ్చింది బ్రదర్?” దాచి లాభం లేదనుకున్నాను. “దానికి పెళ్ళయిపోయింది అయ్యగారూ. పెళ్ళాం పేరు పెట్టుకునింది.” కరుణ అందరికంటే గట్టిగా నవ్వింది.

మేడం పోయి కొన్నేళ్ళయింది. వ్యాసం చివర నా బొమ్మలకు ఆవిడ చెప్పిన ఒక్క వాక్యం కృతజ్ఞత ఉంది. చదవాలంటే భూతద్దం కావాలి. ఎవరు చూశారులే అనుకున్నప్పుడల్లా నాకు మాత్రం చేతులెత్తిన ఆ నల్లది భూతద్దం లేకుండానే కనిపిస్తుంది. ఈ ఉదయం కూడా కనిపించింది. కరుణ స్నానానికి పోయిన సందులో నేను చక్కెర వేసుకుని తాగిన కాఫీని వంటింటి గోడమీద నుంచి ఒక సాలీడు చూసింది మరి.

“కాఫీ తాగినానమ్మా” అన్నాను.

నర్సమ్మ సూది పక్కన పెట్టేసింది. “ఇంటికి పోయి రేపు రా తాతా.”

స్పిరిట్ వాసన చేతికి పూసుకుని, రక్తం ఇవ్వకుండా ఇంటికొచ్చాను.