గట్టి గింజలు, కొత్త పళ్ళు

ముప్పై ఏళ్ళుగా లేత్ మిషన్ మీద ఇనుము చెక్కుతున్న ఆ మనిషికి వచ్చిన వంట ఒక్కటే. మాంసం, ఎండు చిక్కుడు గింజలు కలిపి గంటలకొద్దీ సన్నసెగ మీద ఉడికించే కూర. నేర్పింది తల్లి. నెలకో ఆదివారం వంటిల్లు ఆయనదే, ఆ పూట భార్య గడప దాటి లోపలికొస్తే ఒట్టు. సాయంత్రం గట్టు తుడుచుకోవాల్సింది మాత్రం ఆవిడే, అది వేరే సంగతి.

ఈ ఆదివారం కూరకు ఇంకో పని కూడా ఉంది. ఆరు వారాల క్రితం తల్లికి మిగిలిన నాలుగు పళ్ళూ తీసేశారు. అప్పటినుంచి ఆమె నలుగురిలో కూర్చుని తిననేలేదు. గది తలుపేసుకుని జావ తాగేది, పలకరిస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. కట్టుడు పళ్ళు వచ్చి నాలుగు రోజులైనా గ్లాసులో నీళ్ళలోనే ఉన్నాయి. ఇష్టమైన కూర వండితే అవి పెట్టుకుని బల్ల దగ్గరికి వస్తుందేమోనని కొడుకు ఆశ. ఆవిడ కుర్చీ ఖాళీగా ఉంటే ఆయనకు ముద్ద దిగడం లేదు మరి.

పొద్దున్నే మొదలుపెట్టాడు. మాంసాన్ని స్కేలుతో కొలిచినట్టు ఒకే సైజు ముక్కలు కోశాడు. ఉల్లిపాయలు ఎర్రగా వేయించాడు. ఆత్రం ఎక్కువై పప్పులో కాలేశాడు. గింజలు మెత్తబడకముందే నాలుగు టమాటాలు తరిగి పడేశాడు. పులుపు తగిలితే గింజ మొండికేస్తుంది. ఒంటిగంటకల్లా మాంసం ఎముకను వదిలేసింది గానీ, గింజలు గరిటె తిప్పినప్పుడల్లా గిన్నె అంచుకు టకటకా కొట్టుకుంటున్నాయి.

"మీ షాపులో బేరింగులకు పనికొస్తాయి," అంది భార్య గుమ్మంలోంచే.

ఆయనకు నవ్వు రాలేదు. తొలి ముద్దకే రాయిలాంటిది తగిలితే అమ్మ ఇక ఈ జన్మలో ఆ పళ్ళు ముట్టుకోదు.

అప్పుడు గది తలుపు తెరుచుకుంది.

"ఒరేయ్, టమాటా ముందే వేశావు కదూ? ఆ చప్పుడు నా గదిలోకి వినిపిస్తోంది."

తల్లి వచ్చి వంటింటి మధ్యలో నిలబడింది. రెండు చేతులూ నడుం మీదే ఉన్నాయి.

"తొందరపడ్డానమ్మా."

"నీ తొందర తగలెయ్య. గింజలన్నీ తీసి కడుగు. వేరే గిన్నెలో మంచినీళ్ళు పోసి చిటికెడు వంటసోడా వెయ్యి. చిటికెడన్నాను, చెంచాడు కాదు. ఉడికాకే కూరలో కలుపు."

పీట లాక్కుని పొయ్యి పక్కనే కాపలా కూర్చుంది. కూర్చున్నది ఊరుకుంటుందా? పదేళ్ళప్పుడు వీడు రెండుసార్లు ఉప్పేసిన కూరను కుక్క కూడా వాసన చూసి పోయిందని, మాటలు విని వచ్చి పక్కన చేరిన మనవరాలికి చెప్పింది. పిల్ల పడీపడీ నవ్వింది. నానమ్మ కూడా నోరారా, బోసినోటితో నవ్వింది. కొడుకు మాత్రం గిన్నెలోంచి తలెత్తలేదు. తను చూస్తే ఆవిడకు నోటి సంగతి గుర్తొస్తుందని భయం.

మూడున్నరకు అందరూ బల్ల దగ్గర కూర్చున్నారు. ఆకలి రుచెరగదంటారు గానీ, ఆ కూరకు నిజంగానే రుచి కుదిరింది.

"పళ్ళు తెమ్మంటావా అమ్మా?" అని నెమ్మదిగా అడిగాడు.

ఆమె ఒక గింజను నాలుకతో అంగిలికి నొక్కి చూసింది.

"దీనికి పళ్ళెందుకురా? ఉండనీ వాటిని గ్లాసులోనే. ఇంకో గరిటె వెయ్యి."

ఆయన రెండు గరిటెలు వేశాడు. తర్వాత తన పళ్ళెం దగ్గరికి లాక్కున్నాడు. ఆరు వారాలకు ముద్ద గొంతులో అడ్డం పడకుండా దిగింది.