ముడి విప్పని కార్టన్

బహ్రెయిన్‌లోని హిద్‌లో మా లేబర్ క్యాంపు గదికి ఒక ఆచారం ఉంది. ఇంటికి పోయేవాడు తన కార్టన్ తాను కట్టుకోకూడదు, మిగిలినవాళ్ళమే కట్టాలి. జగిత్యాల వైపు నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన ఉండేవాడు, గదిలో అందరికీ కాక. ఆయన డబ్బా మీద మోకాలు వేసి తొక్కిపడితే, మేం అటొకరం ఇటొకరం తాడు లాగేవాళ్ళం. ముడి పడ్డాక ఇల్లు చేరేదాకా విప్పకూడదు. విప్పితే ప్రయాణం తప్పుతుందని మా నమ్మకం. ఎందుకు తప్పుతుందని అడిగితే కాక తిట్టేవాడు.

ఆసారి మేం కట్టింది ఊరివాడి కార్టన్ కాదు. మా గదిలోనే ఉండే నైజర్ మనిషిది. పశ్చిమ ఆఫ్రికాలో ఎడారి దేశం అది. బహ్రెయిన్ ఎండకు మేం గిలగిలలాడుతుంటే అతను నవ్వేవాడు. మీనా సల్మాన్ రేవు గోదాములో నాకు జోడీ. బరువు ఎత్తేటప్పుడు ఒక కొస అతనిది, ఒక కొస నాది. మా మాటలు సగం హిందీ, సగం అరబ్బీ. నేను భాయ్ అంటే అతనూ భాయ్ అనేవాడు.

అతను పొత్తిళ్ళలో వదిలి వచ్చిన కూతురు అప్పటికి పరుగులు పెడుతోంది. తండ్రిని చూసి ఫోనుకే ముద్దు పెట్టేదట. ఆ పిల్ల కోసం మనామా బజారులో పసుపు గౌను కొన్నాడు, కుచ్చులది. కొలత తెలియక, "మీ పాప ఎంతుంటుంది భాయ్?" అని నన్నడిగాడు. ఇద్దరి పిల్లలదీ ఒకటే ఈడు. గాలిలో చెయ్యి పెట్టి చూపించాను. నిజానికి నేనూ ఫోనులో చూసిందే.

కార్టన్ కట్టాం. టికెట్ చేతికొచ్చింది. అనుకున్నదొకటి, అయినదొకటి. వాళ్ళ దేశంలో సైన్యం గద్దెనెక్కింది. యూనిఫారాలవాళ్ళు వరసగా కూర్చుని ఉంటే ఒకడు కాగితం చదవడం అతను ఫోనులో మాకు చూపించాడు. విమానాలు ఆగాయి, సరిహద్దులు మూశారు.

"మన తాన సర్కారు ఓట్లతోని మారుతది. వీళ్లకు గిదేం రోగంరా?" అన్నాడు కాక.

ఆ మాట హిందీలో చెప్పాను. అతను నవ్వలేదు. "మా తమ్ముడు వీధిలో జెండా పట్టుకుని గంతులేస్తున్నాడు. నా భార్య రేపు బియ్యం దొరుకుతాయో లేదోనని ఏడుస్తోంది. ఎవరికేం చెప్పను భాయ్?" అన్నాడు.

వాళ్ళకు కరెంటు ఇచ్చే పక్క దేశం దాన్ని ఆపేసింది. భార్య ఫోనులో ఛార్జింగు ఉన్నప్పుడే మాట. డ్యూటీలో కూడా జేబు తడుముకుంటూ ఉండేవాడు. ఫోర్‌మన్ "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ అతని మీద అరిస్తే నాకు ఒళ్ళు మండేది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, విమానాలు మొదలయ్యేసరికి అతని సెలవు వంతు ఇంకొకడికి పోయింది. మళ్ళీ వంతు రావడానికి ఏడాది పట్టింది.

అన్నాళ్ళూ కార్టన్ మంచం కిందే ఉంది. గౌను ఒక్కసారి చూసుకుంటానని మధ్యలో ఒకరోజు కత్తి తీశాడు. గదంతా లేచి అడ్డుపడ్డాం.

"ముడి ముట్టకు! ఇగ ఈ జన్మల పోవు!" అని కాక కేకలేశాడు.

మా పిచ్చికి నవ్వి కత్తి పక్కన పెట్టాడు. దుమ్ముపట్టిన ఆ తాడు కనపడ్డప్పుడల్లా నాకు మా ఇల్లు గుర్తొచ్చి దిగులేసేది.

చివరికి టికెట్ మళ్ళీ వచ్చింది. వీడియోలో పిల్ల తలుపు గడియ అందుకుంటోంది. కాకే మెత్తబడ్డాడు.

"ఇప్పుమను, ఏం గాదు. గా గౌను పొట్టిగైతది. కొత్తది పెట్టి మళ్ల కడుదాం."

నేను చెప్పగానే అతను కార్టన్ మీద చెయ్యి వేసి, తల అడ్డంగా ఊపాడు.

"వద్దు భాయ్. కొత్తది చేతిలో పట్టుకుపోతాను. ఇది ఇట్లాగే ఉండనీ. నాన్న పోయినేడే బయల్దేరాడని దానికి తెలియాలి కదా."

కాక పాత తాడు మీదే కొత్త తాడు వేసి, మోకాలు పెట్టి లాగమన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

వెళ్ళిన కొన్నాళ్ళకు ఫొటో పంపాడు. కొత్త గౌను వేసుకుని, పసుపు గౌనును గుండెకు అదుముకుని పిల్ల నిలబడి ఉంది. పసుపు గౌను మోకాళ్ళ దాకా కూడా రాలేదు. చాలాసేపు చూశాను. తర్వాత లేచి నిలబడి, మా పాప ఇప్పుడెంతుంటుందా అని గాలిలో చెయ్యి పెట్టాను. ఎక్కడ ఆపాలో తెలియలేదు.