గుమ్మం కోసం కొన్న ఎద్దు

మా మనవడు తోట పనికి చిన్న ట్రాక్టరు కొంటానని నాలుగు రంగుల కాగితాలు తెచ్చి నా ముందు పరిచాడు. "సెట్ల మద్దిన తిరగాల, దుంగలు లాగాల, నూనె తక్కువ తాగాల. ఇందులో ఏది బాగున్నాదో సెప్పు నాయనమ్మా" అన్నాడు. పోయి పోయి నన్ను అడిగాడు! కొబ్బరి చెట్ల మధ్య దుంగ లాగే సాధనాన్ని ఎంచడంలో ఈ ఉద్దానం మొత్తానికి నాకున్నంత అనుభవం ఇంకెవరికీ లేదు, అది నిజమే. ఆ అనుభవం ఎలాంటిదో తెలిస్తే మాత్రం వాడు ఆ కాగితాలు చుట్టుకుని పరిగెత్తేవాడు. ఒక ఎద్దు, ఒక దుంగ, ఒక వడ్రంగి, నేను, నలుగురం కలిసి ఒక్క పూటలో ఎంత సర్వనాశనం చేయగలమో అంతా చేశాం. నవ్వుకోండి, వద్దనను. పళ్ళు మాత్రం నాకు కనపడకూడదు.

అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళుంటాయి. ట్రాక్టరన్న మాటే మా వైపు పుట్టలేదు. సుమ్మాదేవి స్టేషనులో దిగి సముద్రం వైపు నడిస్తే, కాలు ఇసుకలో దిగబడడం మొదలయ్యే చోట మా అత్తవారి ఊరు. మా అత్తంటే మా నాన్న అక్కే. ఆవిడ కొడుకే మా ఆయన, నాకు బావ. నేను రెండో తరగతి దాకా చదివాను. ఆ చదువుని నిండు బిందెలా నెత్తిన పెట్టుకుని ఒలకకుండా మోస్తూ తిరిగేదాన్ని.

ఆ ఏడు కార్తీకంలో వచ్చిన తుపాను మా ఇంటి కప్పునీ వీధి గుమ్మాన్నీ ఎత్తుకుపోయింది. పోతూ పోతూ తోట నడిమధ్య ముసలి పనస మానుని పడగొట్టింది. "పోన్లే, గుమ్మం పట్టుకుపోయి మాను ఇచ్చినాది" అని అత్త సరిపెట్టుకుంది. గుమ్మం ఎత్తకుండా కప్పు వేసే ఆచారం మాకు లేదు. పంతులుగారు వేసవి చివర ఒకే ఒక్క ముహూర్తం ఇచ్చారు. అది తప్పితే ఆషాఢం, దాని వెనకే వానలు. అంటే రాబోయే వానాకాలమంతా కొబ్బరి కమ్మల పాకలోనే గడపాలి. ఆ పాకలో ముగ్గురం మనుషులం, రెండు మేకలు. మేకల వైపే కాస్త పొడిగా ఉండేది.

దుంగ తోటలో ఉంది, వడ్రంగి అప్పన్న మా వాకిట్లో ఉన్నాడు. రెంటినీ కలపాలి. చెట్లు దగ్గర దగ్గరగా ఉండడంతో బండి లోపలికి దూరదు.

"మందస ఎల్లి జోడెద్దులు అడిగి తెత్తాను" అన్నాడు బావ.

"జోడు కాడి ఎంత వెడల్పుంటాదో సూసినావా బావా? అది మన తోటలో దూరాలంటే ముందు సెట్లు పక్కకి జరగాల."

"మరేటి సేద్దామంటావు?"

"ఒంటెద్దు గావాల. పొట్టిది. సెట్టుకీ సెట్టుకీ మద్దిన సులాగ్గా తిరగాల. కొమ్ములు సిన్నవుండాల. తిండి తక్కువ, బలం ఎక్కువ. నానే సూసి తెత్తాను."

"ఆడది పశువుని కొనడానికెల్తాదేటే!" అన్నాడు బావ.

"రెండో తరగతి సదివినాది గదరా, ఎల్లనీ" అంది అత్త, తవుడు జల్లిస్తూ. ఆ మాటలో ఉప్పు ఎంత ఉందో అప్పుడు నా నాలుకకి తెలియలేదు.

బావని వెంటబెట్టుకుని బయలుదేరాను. టెక్కలి సంతలో మొదట ఒక ఎర్ర ఎద్దుని చూశాం. దాని కొమ్ములు ఎంత వెడల్పుగా చాచుకుని ఉన్నాయంటే, రెంటికీ మధ్య తాడు కడితే మా ఇంటిల్లిపాది బట్టలూ ఆరుతాయి. వద్దన్నాను. కంచిలిలో ఒక దున్నపోతుని చూపించారు. పొట్టిగా, బలంగా, నేను కోరుకున్నట్టే ఉంది. మేం మాట్లాడుతుండగానే ఎవరో చేతులు కడుక్కున్న నీళ్ళు నేల మీద పారాయి. ఆ తడిలో అది పడుకుంది. ఐదుగురు లేపారు, లేవలేదు. అదీ వద్దన్నాను. బావ కాళ్ళు వాచిపోయాయి. "ఏదో ఒకటి కొనీయే" అని బతిమాలాడు. నేను వింటానా?

పలాస దగ్గర ఒక ఊళ్ళో, నూనె గానుగ దగ్గర, నా కళ్ళు నిలిచిపోయాయి. బూడిదరంగు ఎద్దు. నా భుజం ఎత్తు. వేలెడు కొమ్ములు. కళ్ళకు గంతలు కట్టి ఉన్నాయి. గానుగ పలక మీద రెండు బండరాళ్ళు, వాటి పక్కన గానుగాయన సింహాద్రి కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. అంత బరువునీ అది చప్పుడు లేకుండా లాగుతోంది. కర్ర లేదు, అదిలింపు లేదు, బుసకొట్టడం లేదు. పైగా ఎంత ఇరుకులో తిరుగుతోందో చూడండి! అదే కదా నాకు కావలసింది.

"బావా, ఇదే!" అన్నాను.

"గానుగెద్దు గదే అది" అన్నాడు బావ నసుగుతూ.

"అయితే ఏటి? పుట్టిన కాడ్నించీ బరువు లాగతన్నాది. దుంగ దానికొక లెక్కా?"

అమ్ముతావా అని సింహాద్రిని అడిగితే అమ్ముతానన్నాడు. ఆరా తీశాను. "తన్నుతాదా?"

"తన్నడం దానికి సేతకాదు తల్లీ."

"ఎక్కువ తింటాదా?"

"పిడికెడు తెలగపిండి. అంతే."

"మరి ఎందుకు అమ్మేత్తన్నావు?"

"నా మోకాళ్ళు పోనాయి తల్లీ, గానుగ మానేత్తన్నాను. ఎద్దుకేటీ దోసం నేదు. పొద్దున్న కడితే సందేళ దాకా ఆగదు."

పాపం, ఒక్క అబద్ధం కూడా ఆడలేదు ఆ మనిషి. నేను అడగవలసిన ప్రశ్న ఒక్కటే. అది తప్ప అన్నీ అడిగాను. నా పుట్టింటి ఇత్తడి గంగాళం ఇచ్చి ఎద్దుని తోలుకొచ్చాను. దారి పొడుగునా బావ ముక్కుతాడు పట్టుకుని ముందు నడిస్తే అది వెనకాలే తిన్నగా, బుద్ధిగా వచ్చింది. అనుమానం రావడానికి సందే ఇవ్వలేదు. ఊళ్ళో జనం వాకిళ్ళలోకి వచ్చి చూస్తుంటే, నేను ఎద్దుని కాదు, ఏనుగుని తెచ్చినట్టు నడిచాను.

ముహూర్తానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. మర్నాడు పొద్దున్నే తోటకి వెళ్ళాం. దుంగకి మోకు కట్టాం, మోకుని కాడికి తగిలించాం. అప్పన్న కూడా దుంగ చూసుకుందామని వచ్చి, చంకలో రంపంతో ఒక కొబ్బరి చెట్టుకి వీపానించి నిలబడ్డాడు.

"హై!" అన్నాను, కొంగు దోపి.

ఎద్దు కదిలింది. మోకు బిగిసింది. దుంగ జానెడు జరిగింది. నా గుండె జానెడు పొంగింది. మెడ మీద బరువు తగిలిందో లేదో, ఎద్దుకి తన గానుగ గుర్తొచ్చింది కాబోలు, ఎడమకి తిరిగింది. మళ్ళీ ఎడమకి. అప్పన్న నిలబడ్డ చెట్టు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది.

"ఆపండి! ఆపండ్రా బాబూ!" అని అప్పన్న కేక. మోకు అతని పొట్ట మీదుగా పోయింది.

"ముక్కుతాడు లాగు బావా!"

"లాగతన్నాను! అదే నన్ను లాగతన్నాది!"

రెండో చుట్టుకి మోకు అప్పన్న ఛాతీ మీదికి వచ్చింది. మూడో చుట్టుకి మోకు అయిపోయి, ఎద్దు ముట్టె అప్పన్న ముక్కుకి ఆనుకుంది. అప్పుడు ఆగింది. ఆగి, అతని తలపాగా అంచుని నమలడం మొదలుపెట్టింది.

అతన్ని విప్పడానికి ఎద్దుని వెనక్కి నడపాలి. అది జన్మలో వెనక్కి నడవలేదు. కాడి విప్పి, మోకు సడలించి, చివరికి చెట్టు నుంచి అప్పన్నని ఊడదీశాం. నా చదువు అప్పుడు పనిచేసింది. "కళ్ళు కనపడి బెదిరిపోయినాది బావా. గంతలు కట్టేద్దాం. అలవాటైన పని అనుకుని తిన్నగా లాగేత్తాది" అన్నాను.

నా పాత చీర పేలిక చింపి గంతలు కట్టాం. అలవాటైన పనే అనుకుంది. తిన్నగా మాత్రం లాగలేదు. ఇందాక నడుస్తూ తిరిగింది, ఇప్పుడు హుషారుగా తిరిగింది. ఒక చెట్టు నుంచి తప్పిస్తే ఇంకో చెట్టు. బావ ముందు నుంచి లాగాడు, నేను పక్క నుంచి తోశాను. బావా నేనూ కూడా దానితో పాటు తిరిగాం. తోట తిరిగింది. ఆకాశం తిరిగింది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి తోటలో పదకొండు చెట్ల మొదళ్ళలో గుండ్రని బాటలు పడ్డాయి. దుంగ మాత్రం జానెడు దూరంలో, జరిగినచోటే ఉంది. నేను ఇసుకలో కూలబడ్డాను. గుమ్మం లేదు, కప్పు లేదు, గంగాళమూ లేదు. వానాకాలమంతా ఇక మేకలతోనే. ఏడుపు తన్నుకొచ్చింది.

అప్పుడు అత్త గంజి కుండ నెత్తిన పెట్టుకుని వచ్చింది. దుంగని చూసింది. చెట్లని చూసింది. గంతలు కట్టుకుని ఉత్తపుణ్యానికి తిరుగుతున్న ఎద్దుని చూసింది. కుండ దించి అడిగింది.

"అప్పన్నా, గుమ్మానికి ఎన్ని సెక్కలు గావాలిరా?"

"రెండు నిలువులు, ఒక గడప, పైనొక కమ్మి. నాలుగమ్మా."

"నాలుగు సెక్కల కోసం మానంతా ఎందుకురా ఇంటికి? ఇక్కడే కోసి బుజానేసుకొత్తే రాదేటి?"

"నాను ఆరోజే అన్నానమ్మా" అన్నాడు అప్పన్న, ఛాతీ మీద మోకు అచ్చు తడుముకుంటూ. "కోడలమ్మే వద్దన్నాది. తోటలో కోత్తే రంపంపొట్టూ పేళ్ళూ ఎవులో ఎత్తుకుపోతారట. ఇంటికాడ కోత్తే నెల్లాళ్ళు పొయ్యిలోకి వత్తాయట."

ఈ సంగతి నేను మీకు ముందు చెప్పలేదు. మరచిపోయి కాదు.

ఆ సాయంత్రానికే అప్పన్న తన తమ్ముణ్ణి తెచ్చుకుని ఒకరు కిందా ఒకరు పైనా నిలబడి రంపం లాగడానికి దుంగ పక్కనే గొయ్యి తవ్వి కోత మొదలుపెట్టాడు. రెండు రోజుల్లో నాలుగు చెక్కలూ లేచాయి. నిలువులు బావ మోశాడు, కమ్మి అప్పన్న మోశాడు, గడప నేను మోశాను. రంపంపొట్టు అత్త గోనెసంచిలో ఎత్తి తెచ్చింది, గుప్పెడు కూడా పోకుండా. ముహూర్తానికి గుమ్మం లేచింది. ఎద్దు నూర్పుళ్ళ రోజుల్లో కళ్ళంలో గుండ్రంగా తిరిగి తన తిండి తను సంపాదించుకుంది. ఆ పనిలో దాన్ని మించింది చుట్టుపక్కల లేదు.

గడపకి పసుపు రాస్తూ ఉండబట్టలేక అడిగాను. "అత్తా, నీకు ముందే తెలిసినాది గదా, ఎద్దుతో పని నేదని?"

"తెలుసు."

"మరి నన్నెందుకు ఎల్లనిచ్చినావు?"

అత్త బొట్లు పెట్టడం ఆపలేదు. "సెప్తే వింటావేటే? నాకూ మా అత్త సెప్పినాది. నాను విన్నానా? పోయిన గుమ్మం నేదా, దానికోసం నీ వయసులో నాను రెండు దున్నపోతుల్ని కొన్నాను."

ఆ పచ్చి గడప మీద పసుపు చేయి పెట్టి, సూర్యనారాయణమూర్తి సాక్షిగా ఒట్టు వేసుకున్నాను. నాలుగు కాళ్ళున్న ఏ జీవినైనా సరే, ముందు నాకు దానితో పనుందా అని నన్ను నేనే మూడుసార్లు అడగనిదే ఇంటికి తోలుకురాను. తోలుకొచ్చినా, అది తిన్నగా నడుస్తూ బరువు లాగడం పది బారల దూరం కళ్ళారా చూడనిదే కాడి కట్టను. కట్టినా, దానికి ఎడమ పక్క వడ్రంగిని నిలబెట్టను.